ఐర్లాండ్‌లో ఊరి క్లబ్ హర్లింగ్ మ్యాచ్‌కి మొదటిసారి వెళ్తున్నాం, కాస్త చెప్పండి

తూర్పు_కార్క్:

అందరికీ నమస్కారం. మేం తూర్పు కార్క్‌లో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం, వచ్చి పది నెలలైంది. ఇక్కడికి వచ్చేదాకా హర్లింగ్ అని కర్రలతో బంతి కొట్టే ఆట ఒకటుందని కూడా నాకు తెలియదు, ఇప్పుడు చూస్తే ఊరంతా అదే. జూలై చివరి నుంచి దుకాణాల ముందు, కరెంటు స్తంభాలకు, ఇళ్ల గేట్లకు క్లబ్ రంగుల జెండాలు కట్టారు. మా పక్కింటాయన రెండో కొడుకు ఎలక్ట్రీషియన్, మొన్ననే మా వంటింట్లో స్విచ్‌బోర్డు మార్చి వెళ్లాడు, వచ్చే ఆదివారం ఆ అబ్బాయి క్లబ్ సీనియర్లతో ఛాంపియన్‌షిప్ మ్యాచ్ ఆడుతున్నాడట. "మీరూ రండి" అని పక్కింటాయన రెండుసార్లు చెప్పాడు. మా ఎనిమిదేళ్లవాడు స్కూల్లో హర్లీ, అంటే ఆ ఆట కర్ర, పట్టడం నేర్చుకుని రోజంతా పెరటి గోడకు బంతి కొడుతూనే ఉంటాడు, వాడికైతే ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఆత్రం.

నాకున్న సందేహాలు ఏంటంటే, క్లబ్ మెంబర్లు కానివాళ్లు వెళ్లొచ్చా? టికెట్ గేటు దగ్గర ఇస్తారా? మనం ఎక్కడ కూర్చోవాలి, అవతలి జట్టు వాళ్ల మధ్య కూర్చుంటే ఇబ్బందేమైనా ఉంటుందా? స్కోరు 1-14 అని ఎందుకు రాస్తారో నాకింకా సరిగా అర్థం కాలేదు. ఇంకో విషయం, ఆ బంతి వేగం చూస్తే పిల్లాడిని తీసుకెళ్లడానికి మా ఆవిడ భయపడుతోంది. వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పిలిచారు కదా, ఏమీ తెలియకుండా వెళ్లి బొమ్మల్లా కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

గ్లాన్మైర్_వాసి:

తప్పకుండా వెళ్లండి అన్నా. మెంబర్‌షిప్ అక్కర్లేదు, ఎవరైనా వెళ్లొచ్చు.

ముందు టికెట్ సంగతి చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. మొదటి ఏడాది గేటు దగ్గర డబ్బిచ్చి లోపలికి వెళ్లిపోవచ్చు అనుకుని యాభై యూరోల నోటు జేబులో పెట్టుకుని వెళ్లాను. అక్కడ నోట్లు తీసుకోరు, ఫోన్లో కొనుక్కోవాలన్నారు. అది పొలాల మధ్య ఉన్న మైదానం, సిగ్నల్ ఒక గీత వస్తోంది, ఒక గీత పోతోంది. పేజీ తెరుచుకునేసరికి లోపల రెండు గోల్స్ అయిపోయాయి, కేకలు మాత్రమే వినిపించాయి నాకు. కాబట్టి ముందురోజే ఇంట్లో కొని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను వెళ్లినవాటిలో పిల్లలకు టికెట్ లేదు, అయినా కొనేటప్పుడు ఒకసారి చూసుకోండి.

రెండోది, మ్యాచ్ మీ ఊరి మైదానంలో ఉంటుందని అనుకోవద్దు. కార్క్‌లో ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లు మామూలుగా రెండు జట్లకూ చెందని మూడో ఊళ్లో పెడతారు. ఊరు ఊరంతా కార్లు వేసుకుని అక్కడికి బయల్దేరుతుంది, ఇరుకు రోడ్డు, పార్కింగ్ ఎవరిదో గడ్డి చేనులో. ముప్పావుగంట ముందే చేరుకోండి. వామప్ చూడటం కూడా బాగుంటుంది.

స్కోరు చాలా తేలిక. గోల్ పోస్టులు ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటాయి కదా, అడ్డకర్ర కిందుగా వలలోకి వెళ్తే గోల్, అంటే మూడు పాయింట్లు. అడ్డకర్ర పైనుంచి రెండు నిలువు కర్రల మధ్యగా వెళ్తే ఒక పాయింట్. 1-14 అంటే ఒక గోల్, పద్నాలుగు పాయింట్లు, మొత్తం పదిహేడు. ఒక్క ఉదాహరణ చాలు: 2022 ఫిబ్రవరిలో ఆలిండియా కప్పులా ఇక్కడి ఆల్ ఐర్లాండ్ క్లబ్ ఫైనల్‌లో వాటర్‌ఫర్డ్‌కు చెందిన బాలీగన్నర్ 2-17, కిల్కెన్నీకి చెందిన బాలీహేల్ షామ్‌రాక్స్ 1-19. లెక్క కట్టండి, ఇరవై మూడు, ఇరవై రెండు. ఇంజురీ టైమ్‌లో హ్యారీ రడల్ కొట్టిన గోల్ ఒక్కటే తేడా. రెండు పాయింట్లు వెనకబడి ఉన్నవాళ్లు ఒక్క దెబ్బకి ఒక పాయింట్ ముందుకు వచ్చేశారు. అందుకే ఈ ఆటలో చివరి నిమిషం దాకా ఎవరూ కారు తాళాలు తియ్యరు.

గోల్ దగ్గర తెల్ల కోటు వేసుకున్న అంపైర్లు ఇద్దరుంటారు. పచ్చజెండా ఊపితే గోల్, తెల్లజెండా ఊపితే పాయింట్, చేతులు అడ్డంగా ఊపితే బయటికి పోయినట్టు. కెమెరాలూ రీప్లేలూ ఏమీ ఉండవు, ఆ ఇద్దరి కళ్లే. అందుకే బంతి లేవగానే మైదానమంతా ఆ తెల్లకోట్ల వైపు చూస్తుంది. మీరూ అలాగే చూడండి, పది నిమిషాల్లో అలవాటైపోతుంది.

మీది తూర్పు కార్క్ అంటున్నారు కాబట్టి ఇంకో మాట. కార్క్ క్లబ్బులు ప్రీమియర్ సీనియర్, సీనియర్ ఏ, ప్రీమియర్ ఇంటర్మీడియట్ అని మెట్లు మెట్లుగా ఉంటాయి. మీ ఊరి క్లబ్ కింది మెట్లలో ఉంటే అందులో గట్టిగా ఆడే కుర్రాళ్లను తీసుకుని ఇమోకిలీ అనే ప్రాంతీయ జట్టు కూడా కడతారు, అది పైమెట్టులో పెద్ద క్లబ్బులతో ఆడుతుంది. 2017, 18, 19 వరసగా మూడేళ్లు కౌంటీ (మన జిల్లాలాంటిది) కప్పు వాళ్లదే. 2024 ఫైనల్‌లో మా క్లబ్ సార్స్‌ఫీల్డ్స్‌ను కూడా వాళ్లే ఓడించారు. ఆ రోజు స్టేడియం నుంచి ఇంటికి వచ్చి అన్నం కూడా తినలేదు నేను. కానీ ప్రాంతీయ జట్టుకు మన్‌స్టర్ (కార్క్, వాటర్‌ఫర్డ్ లాంటి దక్షిణాది కౌంటీలు కలిసిన ప్రాంతం) పోటీకి వెళ్లే హక్కు లేదు, కాబట్టి ఓడిన మావాళ్లే కార్క్ తరఫున వెళ్లారు, వెళ్లి బాలీగన్నర్‌ను ఓడించి మన్‌స్టర్ కప్పు తెచ్చారు! కౌంటీలో ఓడి మన్‌స్టర్ గెలవడం ఏంటని ఇప్పటికీ మా ఆఫీసులో వాదన నడుస్తుంది. నాకైతే ఆ ఏడాది కంటే గొప్ప ఏడాది లేదు.

నోర్_నది_ఒడ్డు:

నేను కిల్కెన్నీలో నర్సుని, పదకొండేళ్లుగా ఇక్కడే. మీ ఆవిడ భయం గురించి నేను చెప్తాను, ఎందుకంటే నేనూ మొదట అలాగే భయపడ్డాను.

ఆ బంతిని స్లిటర్ అంటారు, లోపల సీసా బిరడాలకు వాడే కార్క్, పైన తోలు, కుట్లు ఉబ్బెత్తుగా ఉంటాయి, నూట పది నుంచి నూట ఇరవై గ్రాముల బరువు. గంటకు వంద కిలోమీటర్లు దాటి వస్తుంది, తగిలితే మామూలు దెబ్బ కాదు. ఆటగాళ్లకు 2010 నుంచి ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ తప్పనిసరి చేశారు, మనకి హెల్మెట్ ఉండదు కదా, కాబట్టి గోల్ వెనక నిలబడొద్దు. చాలాచోట్ల వల కడతారు గానీ చిన్న మైదానాల్లో వల పైనుంచి కూడా వస్తాయి. పిల్లాడితో ఉంటే స్టాండ్‌లోనో, పక్క గీత మధ్యలో కట్ట మీదో కూర్చోండి. ఆట నడుస్తున్నప్పుడు ఫోన్ చూడొద్దు, ఒళ్లో పసిబిడ్డని పెట్టుకుని గీత పక్కన అసలు కూర్చోవద్దు. ఈ మూడూ పాటిస్తే భయం లేదు. ఇన్నేళ్లలో నా చుట్టూ ఉన్న జనంలో ఎవరికీ దెబ్బ తగలడం నేను చూడలేదు.

అవతలి జట్టు వాళ్ల మధ్య కూర్చోవడం గురించి అడిగారు. ఇక్కడ వేర్వేరు స్టాండ్లు, మధ్యలో పోలీసులు, అదేం లేదు. ఎవరు ఎక్కడైనా కూర్చుంటారు. ఒకే వరసలో అటువాళ్లూ ఇటువాళ్లూ ఉంటారు, ఒక్కోసారి మొగుడిది ఒక క్లబ్, పెళ్లానిది పుట్టింటి క్లబ్. రెఫరీని తిట్టేవాళ్లు మాత్రం ఉంటారు, అది నాకు ఎప్పుడూ నచ్చదు. ఆయనా పొద్దున్నుంచి పనిచేసి వచ్చినవాడే, ఆ అంపైర్లు చాలాసార్లు ఆయన వెంట వచ్చిన స్నేహితులో, ఇంట్లోవాళ్లో అయ్యుంటారు. మీ అబ్బాయి ముందు ఆ మాటలు మీరు అందుకోకండి.

మావైపు ముసలివాళ్ల పక్కన కూర్చోవడం నాకు చాలా ఇష్టం. వాళ్లు ఆట చూసి చెప్పరు, మనిషిని చూసి చెప్తారు. "ఆ ఆరో నంబర్ ఉన్నాడే, వాళ్ల తాత కూడా అదే చోట ఆడాడు, ఎడమచేత్తో కొట్టేవాడు, ఆ కుటుంబం అంతా అంతే." నేను పనిచేసే వార్డులోకి వచ్చిన ఒక పెద్దాయన నా పేరు పలకలేకపోయినా నేను ఏ ఊళ్లో ఉంటున్నానో అడిగి, ఆ ఊరి జట్టులో 1970ల్లో ఎవరెవరు ఆడారో పదిహేను మంది పేర్లు గోల్‌కీపర్ నుంచి వరసగా చెప్పాడు. ఆ తర్వాతే నేను మ్యాచ్‌లకు వెళ్లడం మొదలుపెట్టాను.

ఇంకో సంగతి, ఈ ఆటగాళ్లలో ఎవరికీ జీతం లేదు. జూలైలో డబ్లిన్‌లోని పెద్ద స్టేడియం క్రోక్ పార్క్‌లో ఎనభై రెండు వేల మంది ముందు కౌంటీకి ఆడినవాళ్లు కొన్ని వారాలకే మా ఊరి కట్ట పక్కన, వెయ్యి మంది ముందు, చిన్నప్పుడు కలిసి చదువుకున్నవాళ్లతో ఆడతారు. 2022 నుంచి ఏడాదిని రెండుగా చీల్చి ముందు కౌంటీ, తర్వాత క్లబ్ అని పెట్టారు కాబట్టి ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్ మొత్తం క్లబ్బులదే. మీరు సరైన సమయానికే అడిగారు.

గొడుగు వద్దు, వెనకవాళ్లకు అడ్డం. రెయిన్‌కోటు, మందపాటి సాక్సులు, ఫ్లాస్కులో టీ. ఎండగా ఉందని ఇంట్లో వదిలేసి వెళ్లకండి, అరగంటలో మారిపోతుంది.

గ్లాస్నెవిన్_నాన్న:

పై ఇద్దరూ చెప్పినవన్నీ నిజమే గానీ నేను ఒక్క విషయంలో వేరుగా చెప్తాను. మొదటిసారికి చిన్న మ్యాచ్ కంటే కౌంటీ ఫైనలే మేలు. జనం నిండుగా ఉంటారు, బ్యాండు, జాతీయ గీతం, స్క్రీన్ మీద స్కోరు కనిపిస్తుంది, పిల్లాడికి ఆట మీద ఇష్టం అక్కడే పుడుతుంది. చిన్న మ్యాచ్‌లో స్కోరుబోర్డు ఒక్కోసారి పనిచెయ్యదు, ఎవరెంతో మనమే లెక్క పెట్టుకోవాలి.

మాది డబ్లిన్, మా పాప కమోగీ ఆడుతుంది, అంటే ఆడపిల్లల హర్లింగ్. మా పక్కనే ఉన్న నా ఫియానా క్లబ్ 2023లో తొలిసారి డబ్లిన్ సీనియర్ కప్పు గెలిచింది, 2025 జనవరిలో ఏకంగా ఆల్ ఐర్లాండే గెలిచింది, అదీ గ్లాన్మైర్ గారి సార్స్‌ఫీల్డ్స్ మీద (క్షమించాలి సార్, ఆ రోజు మీరు ఎంత బాధపడి ఉంటారో తెలుసు). వందేళ్లకు పైగా ఈ ఆటలో కిల్కెన్నీ, కార్క్, టిప్పరరీ పేర్లే వినిపిస్తాయి, మా నగరం మధ్యలో బస్సులు తిరిగే రోడ్డు మీద ఉన్న క్లబ్ ఆ కప్పు ఎత్తుతుంటే మా పాప నా భుజం మీద ఎక్కి ఏడ్చింది.

ఆట చూసేటప్పుడు ఒక చిట్కా. బంతి వెంట కళ్లు పరిగెత్తిస్తే పది నిమిషాల్లో అలసిపోతారు, నాకు అలాగే అయ్యింది. గోల్‌కీపర్ చేతిలోంచి బంతి ఎగరేసి సగం మైదానం దాటేలా కొడతాడు చూడండి, దాన్ని పక్‌అవుట్ అంటారు. వాడు కొట్టకముందే ఆ బంతి ఎక్కడ పడుతుందో అక్కడ చూడండి. అక్కడ నలుగురైదుగురు కర్రలు పైకెత్తి ఎగురుతారు, ఒకడు ఒట్టి చేత్తో ఆ కర్రల మధ్యలోంచి బంతి పట్టుకుంటాడు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైంది అదే. ఆ పట్టుకున్న వేళ్ల మీద కర్ర దెబ్బ పడటం కూడా వినిపిస్తుంది.

గాలి కూడా చూసుకోండి. గాలి వెనకనుంచి ఉన్న జట్టు హాఫ్‌టైమ్‌కి ఆరు పాయింట్లు ముందుంటే దాన్ని ఆధిక్యం అనుకోకండి, రెండో సగంలో అది కరిగిపోవచ్చు.

గ్లాన్మైర్_వాసి:

ఫర్వాలేదండి, గెలిచినవాళ్లు బాగా ఆడారు, ఆ రోజు వాళ్లే మేలు.

కానీ ఫైనల్ ముందు చూడమన్న మాట నేను ఒప్పుకోను. ఫైనల్‌లో పిల్లాడు దూరం నుంచి చూస్తాడు. చిన్న మైదానంలో అయితే హాఫ్‌టైమ్ విజిల్ పడగానే ఊరి పిల్లలంతా హర్లీలు పట్టుకుని కంచె దూకి మైదానంలోకి పరిగెడతారు, పెద్దవాళ్లు ఆడిన గోల్ పోస్టుల్లోకే బంతులు కొడతారు, ఎవరూ ఏమీ అనరు. మీ వాడి హర్లీ, హెల్మెట్ కారులో పెట్టుకుని వెళ్లండి అన్నా. ఇది మాత్రం మర్చిపోకండి. పెద్ద స్టేడియంలో ఇది దొరకదు. మనూళ్లో సంక్రాంతి కబడ్డీ పోటీల మధ్య విరామంలో పిల్లలం కోర్టులోకి దూరేవాళ్లం గుర్తుందా, అచ్చం అదే.

ఇంకోటి, పక్కింటాయన పిలిచాడు అన్నారు. ఇక్కడివాళ్లు రెండుసార్లు పిలిచారంటే మాటవరసకు కాదు, కొడుకు ఆట మీరు చూడాలని ఉండి పిలిచాడు. ఫైనల్‌కి వెళ్తే ఆయన పక్కన మీరు ఉండరు.

నోర్_నది_ఒడ్డు:

నాదీ ఇదే మాట. ఫైనల్ అక్టోబర్‌లో చూడొచ్చు, ఈ ఆదివారం ఆ అబ్బాయి మ్యాచ్ చూడండి.

తూర్పు_కార్క్:

అన్నా, అక్కా, గ్లాస్నెవిన్ గారూ, అందరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం వెళ్లొచ్చాం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఏమనుకోకండి.

మావాళ్లు ఓడిపోయారు. మాది 1-15, వాళ్లది 2-13. ఒక్క పాయింట్. ఇప్పుడు ఆ లెక్క నోటిమీదే వచ్చేస్తోంది. మావాళ్లకు మొదటి సగం గాలి వెనకనుంచి ఉంది, ఐదు పాయింట్లు ముందున్నారు, మా ఆవిడ "గెలిచేశాం" అంటే నేను గ్లాస్నెవిన్ గారి మాట చెప్పాను, పక్కింటాయన తల తిప్పి నన్ను చూసి "సరిగ్గా చెప్పావు" అన్నాడు. అదే జరిగింది.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం రెండో సగంలో ఒక సంగతి. మాకు పది గజాల దూరంలో ఇద్దరు ఒకే బంతి మీదకు కర్రలు విసిరారు, ఎండు కట్టె మీద గొడ్డలి పడ్డట్టు టక్కుమని చప్పుడు, పక్కింటి అబ్బాయి హర్లీ సగానికి విరిగి చేతిలో పిడి మాత్రం మిగిలింది. అతను ఆ పిడి పారేసి, బంతిని కాలితో తన్నుకుంటూ ముందుకు పరిగెడుతూనే ఉన్నాడు. గీత దగ్గర్నుంచి ఒక పెద్దాయన నాలుగు హర్లీలు చంకలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చి వాటిలో ఒకటి విసిరాడు. ప్రతి కర్రకూ పిడి దగ్గర చుట్టిన టేపు మీద ఆటగాడి నంబర్ రాసి ఉందట, ఆయన చూడకుండానే సరైనది తీశాడు. వాళ్ల నాన్న మాత్రం నా పక్కన నోరు మెదపలేదు, రెండు చేతులతో ప్రోగ్రాం పుస్తకాన్ని మెలితిప్పుతూనే ఉన్నాడు.

హర్లీ, హెల్మెట్ కారులో పెట్టుకెళ్లాం. హాఫ్‌టైమ్‌కి మావాడు మొదట నా చెయ్యి వదల్లేదు, వాళ్ల క్లాసు పిల్లాడొకడు కంచె మీంచి పేరు పెట్టి పిలిచేసరికి ఒక్క దూకు దూకాడు. రెండో సగం మొదలవుతోందని మైకులో మూడుసార్లు చెప్తే గానీ బయటికి రాలేదు. విరిగిన ఆ హర్లీ చివర ముక్క ఆట అయ్యాక గడ్డిలో వెతికి తెచ్చుకున్నాడు, ఇప్పుడు మంచం పక్కన పెట్టుకుని పడుకుంటున్నాడు.

ఆట అయ్యాక మావాళ్లు మైదానం మధ్యలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయారు. ఎవరూ వెంటనే బయల్దేరలేదు. ఊరివాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్లి భుజం తట్టి వస్తున్నారు, మేమూ వెళ్లాం. ఏం చెప్పాలో తెలియక నేను చెయ్యి పట్టుకుని "బాగా ఆడావు" అన్నాను. "వచ్చినందుకు థ్యాంక్స్" అన్నాడు. మా ఆవిడ ఇంటికి వచ్చేదాకా కారులో ఆ చివరి పాయింట్ గురించే మాట్లాడింది, గాలి లేకపోతే అది లోపలికే వెళ్లేదని.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు, హాల్లో ఒక ప్లగ్గు పని మిగిలిపోయింది. కుడిచేతి రెండు వేళ్లు కలిపి టేపు చుట్టి ఉన్నాయి, స్క్రూడ్రైవర్ ఎడమచేత్తో తిప్పుతున్నాడు. మావాడు స్కూలు బ్యాగు భుజాన వేసుకుని, విరిగిన ముక్క చేత్తో పట్టుకుని అతని పక్కనే నిలబడి తరువాతి మ్యాచ్ ఎప్పుడని అడిగాడు. గ్రూపులో ఇంకా రెండు ఉన్నాయట, మధ్యలో వారం గేలిక్ ఫుట్‌బాల్ (ఇక్కడి ఇంకో ఆట), ఆ పై శనివారం సాయంత్రం ఆరున్నరకు మళ్లీ హర్లింగ్. టికెట్లు తీసేశాను, స్క్రీన్‌షాట్ కూడా.